కథ, కంఠము, కాలిగజ్జె
(సంఘ వార్షికోత్సవ సభకై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము మూడు వృత్తులకు సంబంధించినది. పిల్లల కొరకు కథలు వ్రాయుట మొదటిది. పిల్లలను చేరదీసి పుస్తకము చదివించుట రెండవది. శాస్త్రీయ నృత్యము మూడవది. ఒకటి కలము పని, ఒకటి కంఠము పని, ఒకటి కాళ్ళ పని యని పైకి తోచును. ఈ మూడింటిని ఒకే వ్యక్తి చేపట్టినచో కొందరు మెచ్చుకొందురు. మరికొందరు దేనియందును నిలుకడ లేదని పెదవి విరుతురు. కాని నిదానించి చూచినచో ఈ మూడును ఒకే పనికి గల మూడు పేర్లు. కథను బిడ్డ మనస్సునకు చేర్చుటయే ఆ పని. ఢిల్లీలో పెరుగుచున్న తెలుగు బిడ్డల విషయమున ఈ మూడింటిని విడదీసినందువలన కలిగిన నష్టమేమి, కలిపినచో కలుగు మేలేమి యనునదే ఈ ప్రసంగ సారము.

ఉద్యోగరీత్యా ఈ నగరము చేరిన తెలుగు కుటుంబములలో మొదటి తరమువారికి తెలుగు చదువుట, వ్రాయుట ఊరినుండి వెంట వచ్చిన విద్యలు. రెండవ తరము బిడ్డకు ఇంటిలో అమ్మతో మాట్లాడుటకు తెలుగు, వీధిలో ఆడుకొనుటకు హిందీ, బడిలో చదువుకొనుటకు ఇంగ్లీషు ఏర్పడినవి. అమ్మమ్మ ఫోనులో చెప్పిన మాట బిడ్డకు తెలియును. అమ్మమ్మ వ్రాసిన జాబు తెలియదు. చెవికి తెలుగు కలదు, కంటికి లేదు. ఇది బిడ్డ తప్పు కాదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యమని తేల్చివేయుటయు న్యాయము కాదు. బదిలీలు, బస్సులు, పరీక్షలు, ఇరుకు గదులు గల జీవితములో అక్షరములు దిద్దించు తీరిక అందరికిని చిక్కదు.

ఈ లోటును పెద్దలు గుర్తింపకపోలేదు. బాల్యముననే తెలుగునాట బాలికలకు హిందీ పాఠశాల నడపిన దుర్గాబాయి, రాజ్యాంగ సభ సభ్యురాలుగా ఢిల్లీలో ఉన్న కాలమున తెలుగు బిడ్డల చదువునకై పూనుకొనిరి. 1948 లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వెలసినది. తెలుగునాట హిందీ నేర్పిన చేయియే హిందీనాట తెలుగు బడికి పునాది వేయుట గమనింపదగిన విశేషము. నేడు ఆమె పేరు ఒక మెట్రో స్టేషనునకు కూడ కలదు. ఆ పేరును హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకొని దిగిపోవు తెలుగు బిడ్డలు ఎందరో.

ఆ సంస్థ బడులు చేసిన సేవ గొప్పది. కాని రామకృష్ణపురము మొదలుకొని నోయిడా వరకు, ద్వారక మొదలుకొని ఘాజియాబాదు వరకు చెదరియున్న కుటుంబములకు అవి అన్నియు అందుబాటులో ఉండవు. తరచు బదిలీలగు కేంద్రప్రభుత్వోద్యోగుల బిడ్డల చదువు చెడకుండుటకై 1963 లో ఆరంభమైన కేంద్రీయ విద్యాలయములు ఎందరికో ఆధారమైనవి. కాని వానిలో బోధన హిందీ, ఇంగ్లీషులలో సాగును. కనుక చాల ఇండ్లలో తెలుగు లిపి పంచాంగమునకును, పెండ్లి శుభలేఖకును పరిమితమైనది.

అట్టి ఇండ్లలో కూడ తెలుగు ఒక్కచోట గట్టిగా నిలిచియున్నది. అది నృత్యము. ఆదివారము ఉదయమున కాలికి గజ్జె కట్టి వెళ్ళు బాలికలను ఏ కాలనీలో చూచినను కానవత్తురు. కూచిపూడి నేర్చు బాలిక తెలుగు దరువునకు అడుగు వేయును. భరతనాట్యము నేర్చు బాలిక సైతము క్షేత్రయ్య పదమునకు, త్యాగరాజ కృతికి అభినయించును. తెలుగువారు కాని పిల్లలు కూడ ఈ నగరములో తెలుగు పదములకు చేతులు త్రిప్పుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను ఇందులోనే ఒక చిక్కు దాగియున్నది.

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధి చెందిన భామాకలాపములో సత్యభామ శ్రీకృష్ణునికి లేఖ వ్రాయు ఘట్టము కలదు. ఎడబాటునకు ఓర్వలేక, అభిమానమును చంపుకొనలేక, ఆమె తన మనస్సును అక్షరములలో పెట్టి మాధవి చేతికిచ్చి పంపును. చిన్నారి నర్తకి ఎడమ అరచేతిని తాటాకుగా చాచి, కుడిచేతిని గంటముగా పట్టి, తలవంచి, ఒక్కొక్క మాటకు ఆగి, సిగ్గుపడి, మరల వ్రాయును. సభ కరతాళధ్వనులతో మ్రోగును. ఆ బాలిక చేతికి నిజమైన కాగితమును, నిజమైన కలమును ఇచ్చి తన పేరు తెలుగులో వ్రాయుమన్నచో ఏమగును? చాలమంది బాలికలు తల్లి ముఖము వంక చూతురు. రంగస్థలముపై లేఖ వ్రాసిన సత్యభామకు రంగస్థలము దిగిన పిమ్మట అక్షరము రాదు. చేతికి వచ్చిన కథ కంటికి రాలేదు. నృత్యమును, పఠనమును, రచనను వేర్వేరు గదులలో పెట్టి తాళము వేసినందువలన కలిగిన నష్టమిదియే.

ఈ మూడు గదులకును మొదట ఒకటే ద్వారము ఉండెడిది. విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారులను ఆరు నెలలలో నీతికోవిదులను చేయుదునని పూని పంచతంత్రము చెప్పెనని ప్రతీతి. ఆయన కథకుడు, ఉపాధ్యాయుడు కూడ. తెలుగులో పరవస్తు చిన్నయసూరి 1853 లో నీతిచంద్రికను వెలయించి ఆ కథలను బడికి తెచ్చెను. కాని ఆ సొగసైన గద్యము చిన్నపిల్లలకు కొరుకుడు పడెడిది కాదు. పిల్లల భాషలో, పిల్లలతో కలిసి, పిల్లల కొరకు వ్రాయు సాహిత్యము ఇరువదవ శతాబ్దిలో గాని నిలదొక్కుకొనలేదు.

ఆ ఉద్యమమున న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల పేర్లు ముందు చెప్పదగినవి. మదరాసు ఆకాశవాణి పిల్లల కార్యక్రమము ద్వారా వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగునాట ఇంటింటికి పరిచితులైరి. 1945 లో 'బాల' యను మాసపత్రికను స్థాపించిరి. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథయు, బాపు తొలి బొమ్మలును అచ్చయినది ఆ పత్రికలోనే. వారు నడపిన బాలానంద సంఘములో కథకు ప్రక్కన పాట, పాటకు ప్రక్కన ఆట, ఆటకు ప్రక్కన నాటిక ఉండెడివి. పిల్లలు కేవలము శ్రోతలు కారు. వారే పాడిరి, వారే ఆడిరి, వారే వ్రాసిరి. వ్రాయుట, చదివించుట, ఆడించుట ఒకే ఇంటిలో కలిసియుండిన జీవితమునకు తెలుగువారిలో ఇంతకంటె దగ్గరి నిదర్శనము లేదు. రాఘవరావు 1984 లో కన్నుమూసిరి. హైదరాబాదులో వారు నెలకొల్పిన బాలానందము మాత్రము తరతరముల పిల్లలను పెంచినది.

1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్ల 'చందమామ' వెలువడినది. కొడవటిగంటి కుటుంబరావు దానికి దీర్ఘకాలము సంపాదకత్వ భారము వహించి, నిడివి తక్కువ వాక్యములతో, ఆడంబరము లేని మాటలతో ఎట్టి కథనైనను చెప్పవచ్చునని నిరూపించెను. ఢిల్లీలోని తెలుగు ఇండ్లకు ఆ పత్రిక తపాలాలో వచ్చిన కాలమున అక్షరములు నేర్పుటకు వేరొక ఉపాధ్యాయుడు అవసరము లేకపోయెను. 2013 లో దాని ప్రచురణ నిలిచిపోయినది. తల్లులకు, అమ్మమ్మలకు అది మధురమైన జ్ఞాపకము. నేటి పిల్లలకు జ్ఞాపకము కూడ కాదు. ఆ ఖాళీని పూరించు భారము నేటి బాలరచయితలపై ఉన్నది.

బాలసాహిత్యమునకు ఢిల్లీ నగరము పరాయి చోటు కాదు. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949 లో బాలల చిత్రరచన పోటీలను, 1957 లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును ప్రారంభించెను. బహదూర్‌షా జఫర్ మార్గమునందలి నెహ్రూ హౌస్‌లో ఆ ట్రస్టుతో పాటు బొమ్మల ప్రదర్శనశాలయు, పిల్లల గ్రంథాలయమును వెలసినవి. ఆ 1957 లోనే నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడినది. అది నెహ్రూ బాల పుస్తకాలయము పేరిట తక్కువ వెలకు వెలువరించిన చిన్నపుస్తకములు తెలుగులో కూడ లభించును. పుస్తకము లేకపోలేదు, పుస్తకమునకును బిడ్డకును నడుమ మనిషి లేకపోవుటయే కొరత.

ఇచ్చట మరొక సత్యమును చెప్పక తప్పదు. పిల్లల రచయిత యనగా చిన్న రచయిత యను భావము మన సమాజములో బలముగా నాటుకొనియున్నది. పెద్దల నవల వ్రాసినవారికి సన్మానము, పిల్లల కథ వ్రాసినవారికి చిరునవ్వు లభించును. సాహిత్య అకాడమి 1954 లో స్థాపితమైనది. బాలసాహిత్యమునకు ప్రత్యేక పురస్కారము 2010 లో మొదలైనది. నడుమ గడచినవి 56 సంవత్సరములు. ఆ పాటికి ఎందరు రచయితలు నిరుత్సాహముతో కలము మూసిరో లెక్కకందదు. మొక్కకు నీరు పోయనివాడు చెట్టు నీడ లేదని వగచుట తగునా?

ఢిల్లీ తెలుగు బిడ్డ కొరకు వ్రాయువారి పని మరింత సున్నితమైనది. ఆ బిడ్డ ఏటిగట్టును, తాటితోపును సెలవులలో తప్ప చూడదు. జనవరి పొగమంచు, మెట్రో రైలు, మే మాసపు వడగాలి, బహుళ అంతస్తుల భవనములు దానికి తెలిసిన లోకము. ఈ నగర వీథులలో నేరేడు చెట్లు బారులు తీరియున్నవి. వానలు మొదలగు వేళ పండ్లు రాలి కాలిబాటలు ఊదారంగు తిరుగును. తల్లి వానిని నేరేడుపండ్లనును, బిడ్డ జామున్ అనును. ఆ చెట్టు క్రింద జరిగిన కథ ఒకటి తెలుగులో వ్రాసినచో బిడ్డకు ఎదురుగనున్న వస్తువే కొత్త పేరుతో పలుకరించును. తెలిసిన వస్తువు, తెలియని అక్షరము కలిసినప్పుడు చదువు భయపెట్టదు. ఊరి కథలు వలదని కాదు. ఊరి కథకు పోవు దారి ఈ వీథినుండియే ఆరంభము కావలయునని తాత్పర్యము.

ఇక రెండవ వృత్తి. పిల్లలను ఒకచోట చేర్చి రెండు మూడు గంటలసేపు చదివించు సమావేశములను నేడు రీడింగ్ వర్క్‌షాపులని పిలుచుచున్నారు, తెలుగున పఠనశిబిరములనవచ్చును. పేరు కొత్తదే గాని పని పాతది. గుజరాతులో గిజూభాయి బధేకా వ్రాసిన 'దివాస్వప్నము'నందలి ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని అదుపునకు తెచ్చుటకు బెత్తము పట్టలేదు, కథ మొదలుపెట్టెను. కథ వినుటకు అలవడిన పిల్లలు కథ చదువుటకు తామై వచ్చిరి. ఢిల్లీలో 1981 లో ఏర్పడిన బాలరచయితల, చిత్రకారుల సంఘము ఇండ్లలోను, వాడలలోను చిన్న చిన్న బాలల గ్రంథాలయములు నెలకొల్పినది. బాలసాహిత్యమునకై పనిచేయు అంతర్జాతీయ సంస్థ ఆ కృషిని గుర్తించి 1991 లో పఠనాభివృద్ధి పురస్కారమిచ్చినది. 1993 లో నేషనల్ బుక్ ట్రస్టు బాలసాహిత్యమునకై జాతీయ కేంద్రమును స్థాపించి పాఠశాలలలో పాఠక సంఘములను ప్రోత్సహించినది. పెద్ద భవనములు, పెద్ద నిధులు లేకయే ఒక అలమర, ఒక చాప, ఒక కంఠముతో ఈ పని సాగునని ఈ అనుభవములు తెలుపుచున్నవి.

పఠనశిబిరము నడపుట యనగా పిల్లలచేత పాఠము అప్పగింపించుకొనుట కాదు. నిర్వాహకురాలు మొదట తానే పైకి చదువును. పలుకు స్పష్టముగా, నెమ్మదిగా ఉండవలయును. కథ మలుపు తిరుగు చోట పుస్తకము మూసి, తరువాత ఏమి జరిగియుండునని అడుగును. ప్రతి బిడ్డకును ఒక సమాధానము ఉండును. అందులో ఏదియు తప్పు కాదు. పిదప పుస్తకము తెరచి రచయిత ఏమి వ్రాసెనో చూపును. అప్పుడు ఆ పుట చదువుటకు పిల్లలు పోటీపడుదురు. అక్షరము రాని బిడ్డను వెనుక కూర్చుండబెట్టరాదు. చెవికి తెలిసిన పది మాటలను ఎన్నుకొని వానిని అట్టముక్కలపై పెద్ద అక్షరములతో వ్రాసి చేతికిచ్చినచో, ఆ పది మాటలలోనే సగము వర్ణమాల దొరకును. యాబదియారు అక్షరములను వరుసగా వల్లింపించి, ఆ మీద గుణింతములు, ఒత్తులు పూర్తియగువరకు కథ చూపకుండుట ఆకలిగొన్నవానికి వంటశాస్త్రము బోధించుట వంటిది.

ఈ సందర్భమున డెన్మార్కు దేశపు కథకుడు ఆండర్సన్ గుర్తునకు వచ్చును. అతని జన్మదినమైన ఏప్రిల్ 2 ను 1967 నుండి ప్రపంచమంతట బాలల పుస్తక దినముగా జరుపుచున్నారు. అతడు కథకుడని అందరు ఎరుగుదురు; నర్తకుడు కాగోరినవాడని ఎరిగినవారు కొందరే. పేద చర్మకారుని కుమారుడగు అతడు 1819 లో, పదునాలుగేండ్ల వయస్సున, రాజధాని కోపెన్‌హేగెన్ చేరి రాజ నాటకశాలలో నృత్య విద్యార్థిగా కొంతకాలము గడపెను. నృత్యము అతనికి అబ్బలేదు. కాని జీవితమంతయు తన కథలను ఇండ్లలో, సభలలో స్వయముగా చదివి వినిపించెను. కాగితములు కత్తిరించి రాకుమార్తెలను, నర్తకులను సృష్టించెను. దేహముతో చెప్పదలచినది చేతితోను, గొంతుతోను చెప్పెను. కథ మొదట దేహమున పుట్టి పిదప పుటకెక్కునని అతని జీవితము తెలుపును.

మూడవదియగు నృత్యమునకు వత్తము. ఢిల్లీలోని మండీహౌస్ కూడలిలో 1961 లో నిర్మితమైన రవీంద్రభవనమున సాహిత్య అకాడమి, సంగీత నాటక అకాడమి, లలితకళా అకాడమి ఒకే ఆవరణలో ఉన్నవి. దానిని రూపొందించినవాడు కేంద్ర ప్రజాపనుల శాఖ వాస్తుశిల్పి హబీబ్ రహ్మాన్. అతని భార్య ఇంద్రాణి రహ్మాన్ కోరాడ నరసింహారావు వద్ద కూచిపూడి అభ్యసించి విదేశ రంగస్థలములపై దానిని ప్రదర్శించినది. సాహిత్యమును, నృత్యమును ఒకే కప్పు క్రింద ఉంచుట ప్రభుత్వ భవనమునకు సాధ్యమైనప్పుడు ఒక బిడ్డ పెంపకములో ఏల సాధ్యము కాదు?

తెలుగు నాట్యమునకు ఈ నగరము మంచి పుట్టినిల్లు కాకపోయినను మంచి మెట్టినిల్లు. మదనపల్లిలో 1940 లో జన్మించిన ముంగర యామినీ కృష్ణమూర్తి కళాక్షేత్రమున భరతనాట్యమును, కూచిపూడి గురువుల వద్ద భామాకలాపాదులను నేర్చి ఢిల్లీని తన నివాసముగా చేసికొనెను. తండ్రి సంస్కృత విద్వాంసుడగుటచే పదమునకు గల అర్థము ఆమెకు అడుగుతో పాటు అలవడినది. తుదకు తన జీవితకథను కూడ 1995 లో గ్రంథముగా వెలువరించెను. 2016 లో పద్మవిభూషణ గౌరవమునొందిన ఆమె 2024 ఆగస్టులో ఇచ్చటనే పరమపదించెను. ఆదిలాబాదు జిల్లానుండి వచ్చిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు 1976 లో నాట్యతరంగిణిని స్థాపించి ఉత్తరదేశపు పిల్లలకు కూడ కూచిపూడి నేర్పిరి. స్వప్నసుందరి నర్తకియే గాక గాయని, గ్రంథకర్త్రి కూడ. ఆమె నర్తించుచు తానే పాడగలదు.

తానే పాడుట యను మాట చిన్నది కాదు. నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పినది. కూచిపూడి భాగవతుల మేళములలో పాత్రధారి తానే పాడెడివాడు, తానే మాటాడెడివాడు, సూత్రధారునితో తానే వాదించెడివాడు. తెరపై జడ వేసి సవాలు చేయు సత్యభామకు నాలుక కూడ జడయంత పొడవైనదే. ఏకవ్యక్తి ప్రదర్శన ప్రబలిన పిదప పాట ప్రక్కనున్న గాయకునికి చెందినది. నేడు అనేక తరగతులలో ఆ గాయకుడు కూడ లేడు; ముద్రితమైన పాటయే మ్రోగును. చేతులు నేర్చినవి, కనులు నేర్చినవి, నోరు మాత్రము మరచినది. వాచికము జారిపోయిన చోటనే ఢిల్లీ బాలిక తెలుగు కూడ జారిపోయినది.

కనుక ఒకే వ్యక్తి బాలరచయితయు, పఠనశిబిర నిర్వాహకురాలును, నర్తకియు నగుట విలాసము కాదు, అవసరము. అట్టి స్త్రీ తరగతిలో ఏమి చేయునో ఊహింపుడు. సత్యభామ లేఖను నేర్పుటకు ముందు ఆమె ఆ కథను పిల్లలకు చదివి వినిపించును. ఈ అలుక ఏల వచ్చినది, లేఖలో ఏమి వ్రాసియుండునని అడుగును. ప్రతి బాలికచేతను తన సొంత మాటలలో, వచ్చినంత తెలుగులో, నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయించును. తప్పులు దిద్దుటకు తొందరపడదు. ఆ ఉత్తరమును పైకి చదివించును. అటుపిమ్మట మాత్రమే అరచేతిని తాటాకు చేయుట నేర్పును. అప్పుడు ఆ చేతిలో నిజముగా లేఖ ఉండును. ప్రేక్షకుడు ఆ తేడాను వెంటనే పసిగట్టును. నృత్యము వలన చదువు, చదువు వలన నృత్యము రెండును బాగుపడును.

అట్టి జీవితము సులభమని చెప్పుట అసత్యము. నర్తకికి ప్రతిదినము సాధన వలయును. దేహము ఒకనాటి బద్ధకమును కూడ మన్నింపదు. రచయితకు ఏకాంతము వలయును. శిబిర నిర్వాహకురాలికి పదిమంది పిల్లల కోలాహలము వలయును. వీనికి తోడు ఇల్లు, ఉద్యోగము, పెద్దల సేవ. మూడింటిలో దేనివలనను ఇల్లు గడచునంత రాబడి సాధారణముగా రాదు. అయినను చేసి చూపినవారు కలరు. హైదరాబాదునకు చెందిన నర్తకి ఆనందా శంకర్ జయంత్ రైల్వే ట్రాఫిక్ సర్వీసులో అధికారిణిగా పనిచేయుచునే గజ్జె విడువలేదు. 2007 లో పద్మశ్రీ పొందినది. 2008 లో క్యాన్సరు సోకినప్పుడు చికిత్స నడుమ కూడ నృత్యము సాగించినది. పంచతంత్ర కథలను పిల్లల కొరకు నృత్యరూపమున కూర్చినది. విష్ణుశర్మ కథ మరల కాళ్ళకు వచ్చిన ఉదాహరణమిది. ఈ నగరమునందే కపిలా వాత్స్యాయన్ నృత్యము అభ్యసించి, విద్యామంత్రిత్వశాఖలో ఉద్యోగము నెరపుచు, సాహిత్యమునకును నృత్యమునకును గల బంధముపై 1968 లో మహాగ్రంథము వెలువరించెను. 1979 లో ఉపాధ్యాయులకు కళల ద్వారా బోధన నేర్పు సంస్థ స్థాపనలో పాలుపంచుకొనెను. కార్యాలయపు ఫైలును, కాలిగజ్జెను ఒకే ఇంట ఉంచుకొనవచ్చునని ఈ సభలోని ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టివారు అరుదుగా పుట్టుదురని చేతులు ముడుచుకొనరాదు. ఒక్కరిలో మూడు విద్యలు లేకున్నను ఒక్క సంఘములో ముగ్గురు మనుష్యులు ఉండవచ్చును. వ్రాయగలవారు ఒకరు, చదివి వినిపింపగలవారు ఒకరు, ఆడింపగలవారు ఒకరు కలిసినచో ఆ మూడు గదుల తాళములు విడును. తెలుగు సంఘములు ఏటేట నాటకములకు, సన్మానములకు, విందులకు వెచ్చించుదానిలో కొంత భాగము చాలును. ఊరికి వెళ్ళివచ్చు ప్రతి కుటుంబము బిడ్డల తెలుగు పుస్తకము రెండు తెచ్చి సంఘపు అలమరలో ఉంచవచ్చును. నెలకొక ఆదివారము నృత్యతరగతి ముగిసిన పిమ్మట అరగంటసేపు ఆ పాటలోని కథను చదివించవచ్చును. ఆ అరగంటకు గురువులు కాదనరు; తాము నేర్పిన ముద్రకు అర్థము కలుగుచున్నదని సంతోషింతురు. ఉగాది సంచికలో పెద్దల వ్యాసముల నడుమ పిల్లలు తమ చేతివ్రాతతో వ్రాసిన నాలుగు పుటలను ఉన్నవి ఉన్నట్లు అచ్చువేయవచ్చును. అక్షరదోషములున్నను సిగ్గుపడనక్కరలేదు. 'బాల' పత్రిక పిల్లల వ్రాతకు పుట ఇచ్చినందువలననే తెలుగుజాతికి పెద్ద రచయితలు, పెద్ద చిత్రకారులు లభించిరి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. నృత్యప్రదర్శనకు పట్టుచీర, నగలు, పూలజడ, రంగస్థలపు అద్దె సమకూర్చుటకు ఎంత శ్రమపడుదురో అందరికిని తెలిసినదే. ఆ శ్రమలో నూరవ వంతు ఆ పాట యొక్క మాటలను బిడ్డకు చదివి చెప్పుటకు ఉపయోగింపుడు. మీకును కొన్ని మాటలు తెలియకపోవచ్చును. నిఘంటువు తీసి తల్లియు బిడ్డయు కలిసి చూచుట కంటె మంచి పాఠము లేదు. భాష పోయిన పిదప నృత్యము నిలుచునని ధైర్యము పడరాదు. మాట వాడిన చోట ముద్ర ఎంతకాలము పచ్చగా ఉండును?

రాబోవు వార్షికోత్సవమున ఈ వేదికపై ఒక బాలిక సత్యభామగా నిలిచి, మాధవికి లేఖ ఇచ్చుటకు ముందు, తాను స్వయముగా తెలుగులో వ్రాసిన ఉత్తరమును విప్పి బిగ్గరగా చదువుగాక. అందు ఒత్తు తప్పినను, దీర్ఘము జారినను పెద్దలు నవ్వక వినుదురు గాక. ఆనాడు కథయు, కంఠమును, కాలిగజ్జెయు ఈ నగరమున ఒక బిడ్డలో కలిసికొన్నవని చెప్పవచ్చును.